స్టీరింగు లూజు: బాల్ జాయింటులను ఇంటివద్దనే మార్చుకొనుట

బైరెడ్డిపల్లె ప్రాంతపు రైతుకు ట్రాక్టరు దుక్కికి మాత్రమే కాదు. పొద్దున వేరుశనగ చేను దున్నిన బండియే సాయంకాలము ట్రాలీ తగిలించుకొని టమోటా పెట్టెలు మోయును. మరునాడు ఎరువు తోలును, ఆ మరునాడు ఇసుకో రాయో తోలును. పడమటి మండలాల నేల ఎగుడు దిగుడు. గట్లు ఎక్కి దిగుట, ముందు చక్రము రాతికి తగులుట నిత్యము జరుగునవే. ఆ దెబ్బలన్నియు చివరకు పోయి చేరునది స్టీరింగు కడ్డీల కొనలనుండు బాల్ జాయింటులకు. ఇంజను నూనె మార్చుటలో ఏమరని రైతు కూడ వీటివైపు చూడడు. ఇంజను చెడిన పని ఆగును, అంతే. జాయింటు ఊడినచో బండి చెరువుకట్ట మీదనుండి ఎటు దిగునో, ఒరలేని బావి పక్కన ఎటు తిరుగునో ఎవరి చేతిలోను ఉండదు.

ఒక గ్రామమున నేను చూచిన ట్రాక్టరుకు చక్రము జానెడు తిప్పినగాని ముందు టైర్లు కదలుట లేదు. అడుగగా డ్రైవరు, "అదేం లేదు సార్, చేతికి అలవాటయిపోయింది" అన్నాడు. కింద వంగి చూడగా జాయింటు నట్టుకు స్ప్లిట్ పిన్ను లేదు. దాని స్థానమున సైకిలు పుల్ల వంచి పెట్టియున్నది. అదియు సగము అరిగినది. ఆ బండి ఆ వారమంతయు పలమనేరు మీదుగా టమోటా తోలినదట.

అరుగుట ఎట్లు జరుగునో తెలిసికొన్నచో మిగిలినది సులభము. చేతి చక్రము తిప్పగా స్టీరింగు బాక్సులోని మరలు తిరిగి కింది చేతిని కదలించును. ఆ చేయి డ్రాగ్ లింకును, అది టై రాడ్డులను, అవి చక్రములను తిప్పును. కడ్డీకి కడ్డీకి నడుమ ప్రతిచోట ఒక బాల్ జాయింటు ఉండును. గుండు తలగల పిన్ను ఒక గిన్నెలో కూర్చుని, చుట్టును గ్రీజుతో, పైన రబ్బరు టోపీతో ఉండుటయే బాల్ జాయింటు. రబ్బరు చిరిగినదా, మన ఎర్రమట్టిలోని సన్న ఇసుక లోపలికి చేరి గ్రీజుతో కలిసి ఆకురాయివలె గుండును తినివేయును. ఒక్కొక్క జాయింటులో లూజు కొద్దిపాటిదే. నాలుగైదు చోట్లది కలిసినప్పుడు చేతి చక్రము వద్ద బెత్తెడగును.

దీనికి చట్టము కూడ ఉన్నది. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989, 98వ నియమము ప్రకారము చేతి చక్రము వద్ద లూజు 30 డిగ్రీలు మించరాదు. బాల్ జాయింటులకు రబ్బరు టోపీలు ఉండవలెను. బోల్టులు, పిన్నులు ఊడకుండ బిగింపు ఉండవలెను. 40 సెంటీమీటర్ల చక్రమునకు 30 డిగ్రీలనగా అంచు వద్ద సుమారు పది సెంటీమీటర్లు. ఇది చట్టము ఓర్చుకొను హద్దు మాత్రమే; అంతవరకు ఆగుట తెలివి కాదు. మీ బండి పుస్తకములో ఇంతకంటె తక్కువ కొలత ఇచ్చియున్నచో దానినే పాటింపుడు.

లూజు ఎక్కడనో కనుగొనుటకు ఇద్దరు కావలెను. ఒకరు చేతి చక్రమును కొద్దికొద్దిగా ఇటు అటు ఆడించవలెను. రెండవవారు ఒక్కొక్క జాయింటు మీద అరచేయి వేసి చూడవలెను. ఒక పక్క కడ్డీ ముందుగా కదలి, అవతలి పక్క ఆలస్యముగా కదలినచో, చేతికి 'టక్' మని తగిలినచో, అరిగినది అదే. తరువాత ముందు ఇరుసును జాకీతో ఎత్తి టైరును పైన, కింద పట్టుకొని ఊపుడు. లూజున్నచో తప్పు హబ్ బేరింగులోనో కింగ్ పిన్ను బుష్‌లోనో ఉన్నది. పక్కలు పట్టి ఊపినప్పుడు మాత్రమే కదలినచో టై రాడ్డు జాయింటును అనుమానింపుడు.

ఇక్కడ చాలమంది చేయు పొరపాటు ఒకటున్నది. లూజు కనబడగానే స్టీరింగు బాక్సు మీది స్క్రూను బిగించుదురు. బాక్సులోని పండ్లు నేరుగా పోవు స్థానములో ఎక్కువ అరుగును, కొనల వద్ద తక్కువ. నడుమ లూజు పోవునట్లు బిగించిన మలుపులో పట్టివేయును. చక్రము తిరిగి రాదు. బాల్ జాయింటు దోషమును బాక్సు మీద తీర్చుకొన్నచో రెండును చెడును. జాయింటులన్నియు సరిచేసిన పిమ్మట మిగిలిన లూజు మాత్రమే బాక్సుది.

ఇక మార్చు పద్ధతి. ట్రాలీ విప్పి, చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, తాళము తీసి, వెనుక చక్రములకు ముందు వెనుక రాళ్ళు పెట్టవలెను. జాకీ ఎత్తిన తరువాత ఇరుసు కింద గట్టి కర్ర మొద్దులు పేర్చవలెను. ఇటుకలు పనికిరావు, బరువుకు పగులును. కడ్డీని కిరసనాయిలుతో కడిగి, ఒక పిన్ను నడుమనుండి మరియొక పిన్ను నడుమ వరకు పొడవు టేపుతో కొలిచి గోడ మీదనైనను వ్రాసికొనుడు. ఈ ఒక్క అంకె లేక తరువాత పడు బాధ చాల.

మొదట లాకు నట్టును సడలించవలెను. జాయింటు ఇంకను చేతికి బిగిసియుండగానే ఈ పని సులభము. గమనించుడు: టై రాడ్డు ఒక కొన కుడి మర, మరియొక కొన ఎడమ మర. ఎటు తిప్పినను రానిచో బలము పెంచుటకు ముందు మర చూడుడు. తరువాత స్ప్లిట్ పిన్ను తీసి గాడుల నట్టును వదులు చేసి, పూర్తిగా తీయక రెండు మూడు మరలు ఉంచుడు. పిన్ను వాలు కన్నములో బిగిసియుండును. పుల్లరు ఉన్న సరి. లేనిచో కన్నమున్న చేతికి ఒక పక్క బరువైన సమ్మెట ఆనించి, రెండవ పక్క సుత్తితో చురుకుగా కొట్టవలెను. పిన్ను కొన మీద కొట్టరాదు, మరలు చెడును. గ్యాసుతో కాల్చుట అసలు కూడదు; కాలిన ఇనుము చూచుటకు బాగుగనే ఉండి తరువాత ఒకనాడు విరుగును.

పాత జాయింటు విప్పునప్పుడు ఎన్ని చుట్లు వచ్చినదో లెక్కించి, కొత్తదానిని అన్నే చుట్లు ఎక్కించుడు. కాని కొత్తది కొంచెము పొట్టిదో పొడుగుదో కావచ్చును గనుక చివరి మాట టేపుదే. వాలు కన్నమును పొడిగుడ్డతో తుడిచి కొత్త పిన్నును చేతితో దించి ఊపి చూడుడు. అందులో ఆడినచో కన్నము అరిగినది, ఆ చేతినే మార్చవలెను. డబ్బా రేకు చుట్టి బిగించుట ప్రాణముతో ఆట. నట్టు బిగించిన తరువాత గాడి, కన్నము కలియనిచో ఇంకొంచెము బిగించియే కలుపవలెను గాని వెనుకకు తిప్పరాదు. స్ప్లిట్ పిన్ను ప్రతిసారి కొత్తదే వేయవలెను. గ్రీజు నిప్పిల్ ఉన్నచో రబ్బరు కొద్దిగా ఉబ్బువరకు గ్రీజు కొట్టుడు, పగులునంతగా కాదు. రెండవ కొన జాయింటు కూడ అదే వయస్సుది. డబ్బున్నచో జతగా మార్చుట మేలు. లేనిచో దాని రబ్బరునైనను మార్చుడు.

పిమ్మట చక్రముల వరుస. చక్రములను నేలకు దింపి, స్టీరింగు నేరుగా ఉంచి, రెండు టైర్ల వెనుక వైపున, హబ్బు ఎత్తున, నడుమ సుద్దగుర్తులు పెట్టి వాటి దూరము కొలువుడు. బండిని అరచుట్టు ముందుకు తోసి అవే గుర్తులు ముందు వైపునకు వచ్చినప్పుడు మరల కొలువుడు. అవే గుర్తులు కొలుచుటచేత రిమ్ము వంకర లెక్కలోనికి రాదు. ముందు కొలత వెనుక కొలతకంటె కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా ఉండవలెను. ఎన్ననునది మీ బండి పుస్తకములో ఉండును. టై రాడ్డు ఇరుసుకు వెనుకనున్నచో దానిని పొడిగించిన ముందు భాగములు దగ్గరకు వచ్చును. ఇరుసుకు ముందున్నచో దూరమగును. రెండు టై రాడ్డులున్న బండ్లలో రెండింటిని సమముగా తిప్పవలెను. సాళ్ళ వెడల్పు కొరకు ముందు చక్రములను జరిపినప్పుడు కూడ ఈ కొలత తప్పక చూడవలెను. అన్నియు సరిపోయిన పిదప లాకు నట్టులు బిగించుడు.

జీపుకు, సరుకు బండ్లకు పని చాలవరకు ఇట్లే. కార్లలో వెలుపలి జాయింటు మాత్రము ఇంటివద్ద మార్చుకొనవచ్చును. లోపలి జాయింటు రబ్బరు తిత్తిలో దాగియుండును. వరుసను యంత్రము గల షాపులోనే సరిచూపించుకొనవలెను. ఎయిర్ బ్యాగు గల కారు చేతి చక్రమును ఇంటివద్ద విప్పరాదు. వంగిన స్టీరింగు చేతిని సుత్తితో సరిచేయుట, విరిగిన టై రాడ్డును వెల్డింగు చేయుట ఏ బండికైనను పనికిరాదు.

స్టీరింగు లూజైన ట్రాక్టరును కొందరు ఒంటి బ్రేకు తొక్కి తిప్పుచుందురు. చేనిలో అది పని జరుపును. రోడ్డు మీద, ట్రాలీ నిండ సరుకుతో, మొగిలి ఘాటు వంటి దిగుడులో అదే ట్రాక్టరును అడ్డము తిప్పి ట్రాలీ కింద పడవేయును. రోడ్డు ఎక్కుటకు ముందు రెండు బ్రేకు పెడళ్ళను కొక్కెముతో కలుపవలెను.

కొత్త జాయింటు వేసిన నాడు స్టీరింగును రెండు కొనల వరకు తిప్పి, కడ్డీ టైరుకు గాని, బ్రేకు గొట్టమునకు గాని తగులునేమో చూచి, ముందుగా ఖాళీ బండిని చేనిలో నడుపుడు. ఒక రోజు పని అయిన తరువాత మరల వంగి నట్టులను, స్ప్లిట్ పిన్నులను తడిమి చూచి, అటుపిమ్మటనే ట్రాలీ తగిలించుడు.