ఉమ్మగిలనివ్వండి

“అమ్మా, మూత తియ్యకు!”

డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో నేను తిన్న మొదటి చీవాట్లు అవే. ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్లాను. వెళ్లిన నాలుగో వారం, ఫిబ్రవరి, ఆదివారం. సాయంత్రం సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆట, చూడ్డానికి పక్కింటివాళ్లు వీధిలో అందరినీ పిలిచారు. అమెరికాలో ఇలాంటి పిలుపులకు చేతులూపుకుంటూ వెళ్లరు. ఇంటికో వంటకం పట్టుకెళతారు. దాన్ని పాట్‌లక్ అంటారు.

గారెలు వేద్దామన్నాను. ఇరవైమందికి గారెలంటే మాటలా? పప్పు నానబోయాలి, రుబ్బాలి, బాణలి ముందు గంటన్నర నిలబడాలి. ఇంతా చేసి పట్టుకెళ్లేసరికి చల్లారి మెత్తబడతాయి. మా అమ్మాయి నవ్వి, అల్మరా అడుగునుంచి కోలగా ఉన్న ఒక బరువైన కుండ తీసి గట్టుమీద పెట్టింది. స్లో కుక్కర్. ఆ దేశంలో చాలామంది దాన్ని క్రాక్‌పాట్ అనే పిలుస్తారు.

ఉడికించి, గడ్డకట్టించి అమ్మే చికెన్ మీట్‌బాల్స్ (కైమా ఉండలు) రెండు పౌన్లు, అంటే సుమారు 900 గ్రాములు అందులో పోసింది. మామూలుగా ఇవి గొడ్డుమాంసం, పంది మాంసం కలిపి చేస్తారు. మనవాళ్లు ఎక్కువగా చికెన్‌వో, టర్కీ కోడివో వెతికి తెచ్చుకుంటారు. 12 ఔన్సుల చిల్లీ సాస్ సీసా ఒకటి వంచింది. దాదాపు అంతే ద్రాక్ష జెల్లీ వేసింది. సగం నిమ్మకాయ పిండి, మన ఇంటి కారం అర చెంచా చల్లింది. గరిటెతో ఒక్కసారి కలిపి మూత పెట్టి, మీట ‘లో’ మీదికి తిప్పింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

“అంతేనా?” అన్నాను.

“అంతే. ఇక నాలుగు గంటలు దీని జోలికి వెళ్లకు.”

చిల్లీ సాస్ అనగానే నోరు మండుతుందనుకునేరు. అమెరికాలో ఆ పేరుతో అమ్మేది టమాటా, వెనిగర్, చక్కెర, మసాలాలు కలిపిన తియ్యపుల్లని సాస్. కెచప్‌కి దగ్గరి చుట్టం. జెల్లీ కాంకర్డ్ ద్రాక్షది. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో 1849లో పెంచి తీసిన నల్లద్రాక్ష రకం అది. మాంసంలో జామేమిటని మొదట ముఖం చిట్లించాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. ముక్కల పులుసులో బెల్లం ముక్క వేసేదాన్ని, ఉగాది పచ్చడి తిని పెరిగినదాన్ని, తీపి, పులుపు, కారం ఒక గిన్నెలో కలిస్తే ఆశ్చర్యపోవడం ఏమిటి?

మా అమ్మాయి స్నానానికి వెళ్లింది. నేను మూత తీశాను. జెల్లీ గడ్డలు గడ్డలుగా అలాగే ఉంది. పావుగంట ఆగి మళ్లీ తీశాను. మూడోసారి తీసి కలుపుతుండగా దొరికిపోయాను.

ఆ కుండ పనిచేసే తీరు తర్వాత తెలిసింది. అడుగున మంట ఉండదు. గోడల చుట్టూ చుట్టిన తీగ సన్నని సెగ ఇస్తుంది. పింగాణీ పాత్ర మెల్లగా వేడెక్కుతుంది. ఆవిరి పైకి లేచి మూతకు తగిలి నీటి బొట్లవుతుంది. ఆ నీరే అంచు చుట్టూ చేరి, సందులేకుండా మూసేస్తుంది. మూత తీసిన క్షణంలో ఆ కట్టు తెగిపోతుంది. పోయిన వేడి తిరిగి కూడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అంటే, నేను మూడుసార్లు తొంగి చూసిన ఖరీదు గంటకు పైనే! సాయంత్రం ఆట మొదలయ్యేవేళకు మేమింకా ఇంట్లోనే ఉన్నాం, మీటను ‘హై’ మీద పెట్టుకుని.

ఎవరి కోసం తీశాను?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవి ముందే ఉడికిన ఉండలు. పచ్చిగా మిగిలిపోతాయన్న భయం లేదు. అడుగంటే ప్రమాదం లేదు. ఉప్పు చూడాల్సిన పని లేదు. మరి మూత ఎందుకు తీశాను? ఆ వంటకి నా అవసరం లేదన్న సంగతి నాకు నచ్చలేదు. అదీ నిజం.

నలభై ఏళ్లుగా చేస్తున్నది ఇదే కదా అనిపించింది. మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో గంటకోసారి గదిలోకి వెళ్లేదాన్ని. పాలు కావాలా, ఫ్యాను వేయనా అన్నది వంక. చదువుతున్నాడో లేదో చూడ్డమే పని. నేను తలుపు తీసిన ప్రతిసారీ వాడు చేస్తున్న లెక్క మొదటికొచ్చేది. వాడికి అప్పుడు చెప్పడం చేతకాలేదు, నాకు అర్థం చేసుకోవడం చేతకాలేదు.

ఈ జబ్బు నా ఒక్కదానిదే కాదు. కింది ఉద్యోగికి పని అప్పగించి, గంటకోసారి “ఎంతవరకు వచ్చింది?” అని అడిగే అధికారి మూత తీస్తున్నాడు. నడక మొదలుపెట్టిన మూడోరోజే తూకం యంత్రం ఎక్కే మనిషి మూత తీస్తున్నాడు. క్షమించమని వాట్సాప్‌లో సందేశం పంపి, నీలం గీతలు పడ్డాయా అని నిమిషానికోసారి చూసుకునే స్నేహితురాలు మూత తీస్తోంది. పైకి ఇవన్నీ శ్రద్ధలా కనబడతాయి. లోపల ఉన్నది మాత్రం మన ఆదుర్దా. దాన్ని చల్లార్చుకోవడానికి ఎదుటివాళ్ల వేడిని ఖర్చుపెడుతున్నాం.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే, ఒక్క మాటలో ఉంది. ఉమ్మగిలడం. అన్నం ఉడికాక గంజి వార్చి, మూతపెట్టి, సన్నని సెగ మీద కాసేపు వదిలేయడం. ఉడికిన అన్నాన్ని తినదగిన అన్నంగా చేసేది ఆ పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో వండేవాళ్లు చేసేదేమీ లేదు, ఆగడం తప్ప. ఉడికిందాకా ఉన్నవాడు ఉమ్మగిలిందాకా ఉండలేడా అని పెద్దలు ఊరికే అనలేదు. మా అమ్మమ్మ ఇంట్లో పాలు దాలిగుంటలో, పిడకల సెగ మీద పూటంతా కాగేవి. మీగడ మందంగా, ఎర్రగా కట్టేది. పిల్లలం దాలి దగ్గరికి వెళితే ఊరుకునేది కాదు. “పాలు మిమ్మల్ని పిలుస్తాయిలే” అనేది.

ఆ కుండ వెనక ఒక తల్లి

స్లో కుక్కర్ పుట్టుక తెలుసుకున్నాక నాకు దానిమీద గౌరవం పెరిగింది. దాన్ని తయారుచేసినాయన ఇర్వింగ్ నాక్సన్, అమెరికాలో స్థిరపడిన యూదు కుటుంబంలో పుట్టిన ఇంజనీరు. చిన్నప్పుడు లిథువేనియాలో తాను చూసిన వంట గురించి వాళ్లమ్మ చెప్పేది. యూదులు శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారు. శుక్రవారం పొద్దుగూకాక పొయ్యి వెలిగించరు. అందుకని మాంసం, చిక్కుడు గింజలు, దుంపలు వేసిన కుండను పొద్దుగూకకముందే ఊళ్లోని రొట్టెల బట్టీలో పెట్టించేవారు. చల్లారుతున్న బట్టీలో మిగిలిన వేడికే అది రాత్రంతా ఉడికేది. ఆ వంటకం పేరు చోలెంట్.

అమ్మ చెప్పిన ఆ బట్టీని కరెంటుతో నడిచే కుండగా మార్చి నాక్సన్ 1936లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1940లో అది చేతికొచ్చింది. దానికి ‘నాక్సన్ బీనరీ’ అని పేరు పెట్టారు. గింజలు ఉడకబెట్టుకునే పాత్రగానే అది ఏళ్ల తరబడి మిగిలిపోయింది. 1970లో కాన్సాస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుంది. మరుసటి ఏడాది చికాగోలో జరిగిన గృహోపకరణాల ప్రదర్శనలో అదే పాత్ర ‘క్రాక్‌పాట్’ అన్న కొత్త పేరుతో కనబడింది. 1971లో 20 లక్షల డాలర్లున్న అమ్మకాలు 1975 నాటికి 9 కోట్ల 30 లక్షలకు చేరాయి. ఆ దశాబ్దంలో ఉద్యోగాలకు వెళ్లడం మొదలుపెట్టిన ఆడవాళ్లకు, పొద్దున వేసి వెళితే సాయంత్రానికి వండిపెట్టే కుండ చేతికి దొరికింది.

దరఖాస్తు నుంచి ఆ పేరు వచ్చేదాకా ముప్ఫై అయిదేళ్లు. ఆ ఆలోచన కూడా ఉమ్మగిలింది అనుకుంటాను. నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ శుక్రవారపు కుండ. మనుషులు విశ్రాంతి తీసుకోవడం కోసం పుట్టిన వంట అది. కుండ తన పని తాను చేసుకుంటుంటే, వండినవాళ్లు ఇంట్లోవాళ్లతో కూర్చునేవాళ్లు. మనకు ఇప్పుడు కుండ ఉంది, కుక్కరుంది, కూర్చోవడం ఒక్కటే మరిచిపోయాం.

రెండు సామెతలు, ఒక మూత

ఇక్కడొక మెలిక ఉంది. ‘నిదానమే ప్రధానం’ అన్న నోటితోనే మనవాళ్లు ‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు. రెంటిలో ఏది నమ్మాలి?

స్లో కుక్కరే జవాబు చెప్పింది. రాజ్మా గింజల్ని పచ్చివి నేరుగా అందులో వేసి వదిలేస్తే ప్రమాదం. వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం సన్నని సెగకు పోదు. ముందు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కళపెళా మరిగించాకే కుండలో వేయాలి. గడ్డకట్టిన పచ్చిమాంసం వేయకూడదు. అది వేడెక్కేలోపు క్రిములు పెరిగే వెచ్చదనంలో చాలాసేపు ఉండిపోతుంది. వంట అయ్యాక మీట ‘వార్మ్’ మీద పెడితే 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలి. ఆపేస్తే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

అంటే మూత పెట్టకముందు చేయాల్సిన పనులున్నాయి. వాటిలో జాప్యం పనికిరాదు. మూత పెట్టాక చేయకూడని పనులున్నాయి. వాటిలో తొందర పనికిరాదు. సామెతలు రెండూ నిజమే. వాటి నడుమ సరిహద్దు ఆ మూత. పరీక్షకు చదవకుండా “ఏమైతే అదవుతుంది” అనుకునేవాడిది నిదానం కాదు, పచ్చి రాజ్మా వేసి మూతపెట్టడం. బాగా చదివి రాసొచ్చాక ఫలితాల దాకా నిద్ర మానుకునేవాడిది శ్రద్ధ కాదు, మూత తీయడం.

గరిటె లేని సాయంత్రం

ఆ ఆదివారం విందుకి ఆలస్యంగానే వెళ్లాం. కుండని తీగతో సహా పట్టుకెళ్లి, పక్కింటివాళ్ల బల్లమీద పెట్టి, ‘వార్మ్’ మీద ఉంచాం. పక్కన ఒక గ్లాసులో పళ్లు కుట్టుకునే పుల్లలు. ఎవరికి వాళ్లు వచ్చి, పుల్లతో ఒక ఉండ గుచ్చుకుని, నోట్లో వేసుకుని వెళుతున్నారు. వడ్డించే పని లేదు. నేనూ ఒకటి తిన్నాను. జెల్లీ జాడ లేదు, సాస్ జాడ లేదు. రెండూ కలిసి, నిగనిగలాడుతూ, తియ్యగా మొదలై కారంగా ముగిసే కొత్త రుచి ఒకటి అంటుకుని ఉంది.

మా ఇంట్లో జరిగిన విందులు గుర్తొచ్చాయి. వచ్చినవాళ్లకు వేడివేడి బజ్జీలు అందాలని నేను చివరిదాకా పొయ్యి దగ్గరే ఉండేదాన్ని. బజ్జీలు బావున్నాయని అందరూ అనేవారు. ఎవరు ఏం కబుర్లు చెప్పారో నాకు తెలిసేది కాదు. ఆ రోజు మాత్రం పక్కింటి పెద్దావిడ పక్కన రెండు గంటలు కూర్చున్నాను. నాది వచ్చీరాని ఇంగ్లీషు. ఆవిడకి ఓపిక ఎక్కువ. మనవల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

మీరు చేసి చూడండి

మీ ఇంట్లో స్లో కుక్కర్ లేకపోతే మందపాటి గిన్నె చాలు. వేయించిన చికెన్ ఉండలు, టమాటా కెచప్, అందులో సగం మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్, చెంచాడు వెనిగర్, చిటికెడు కారం, అరగ్లాసు నీళ్లు. మూతపెట్టి సిమ్‌లో అరగంట. గిన్నె అడుగంటుతుంది కాబట్టి, మధ్యలో ఒక్కసారి కలపడానికి మీకు అనుమతి ఉంది! శాకాహారులు కూరగాయల ఉండలు వేసుకోవచ్చు. అవి తొందరగా చితికిపోతాయి కనుక పులుసు చిక్కబడ్డాక చివర్లో వేయాలి.

వంటతో పాటు ఇంకో సాధన కూడా పెట్టుకోండి. మీరు పదేపదే మూత తీస్తున్న పని ఒకదాన్ని ఎంచుకోండి. అందులో మీ వంతు ఏమిటో కాగితం మీద రాయండి. అదంతా ఇవాళే పూర్తిచేయండి. మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ, వేళ వేసుకోండి. ఈలోపు చేయి అటు వెళితే, ‘ఇది దాని కోసమా, నా కోసమా?’ అని ఒక్క ప్రశ్న వేసుకోండి. నాకు వచ్చిన జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే.

తిరిగొచ్చాక మా అబ్బాయికి రోజూ పొద్దున్నే ఫోను చేయడం మానేశాను. మొదటి వారం నా చేయి ఊరుకోలేదు. రెండో ఆదివారం వాడే చేశాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు.

మీ గట్టుమీద ఏ గిన్నె ఉందో చూసుకోండి. వేయాల్సినవన్నీ వేశారా? సెగ సరిపోయిందా? అయితే చేతులు తుడుచుకుని ముందు గదిలోకి రండి. అక్కడ మీకోసం మనుషులు కూర్చుని ఉన్నారు.