పాతదైతే చాలదు: అమెరికా తొలినాటి స్టాంపులు నేర్పే పాఠం

స్టాంపులు పోగుచెయ్యడం చిన్నపిల్లల సరదా అని మనలో చాలామంది అభిప్రాయం. నేనూ ఆ సరదాతోనే మొదలుపెట్టాను. అయితే ఒక స్టాంపుకు విలువ ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం నాకు ఆలస్యంగా, కాస్త బాధగా దొరికింది. అది విద్యార్థి మిత్రులకు చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

మాది గుంటూరు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు వచ్చినది మొదలు ఆ ఊరికీ అమెరికాకూ సంబంధం ఉంది. అక్కణ్ణుంచి ఎవరికో వచ్చిన ఒక పాత కవరు ఎలా చేరిందో గాని మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉండేది. దానిమీద చాక్లెట్ రంగు అయిదు సెంట్ల స్టాంపు. కొలంబస్ ఇసబెల్లా రాణిని సాయం అడుగుతున్న బొమ్మ. 1893 నాటిది. నేను కవరును నీళ్లలో నానబెట్టి, స్టాంపు ఊడదీసి, తుమ్మబంకతో నోటుబుక్కులో అంటించాను. కవరు పారేశాను.

బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో నాన్నగారు మంచం పట్టారు. పరీక్ష ఫీజుకు డబ్బు లేదు. ఎనభై ఏళ్లనాటి అమెరికా స్టాంపు గదా, వందలు పలకదా అనుకుని, మద్రాసులో ఒక స్టాంపుల వ్యాపారి దగ్గరకు వెళ్లాను. ఆయన భూతద్దంతో చూసి, "బాబూ, ఇది రెండు మూడు రూపాయల సరుకు. దీని కవరేదీ?" అన్నాడు.

పారేశానండీ అన్నాను. ఆయన తల పట్టుకుని, నన్ను కూచోబెట్టి పాఠం చెప్పాడు. తర్వాత పుస్తకాల్లో చదివి నేను పెంచుకున్న జ్ఞానానికి పునాది అదే.

మొదటి సంగతి: పాతది వేరు, అరుదైనది వేరు. 1893లో షికాగో ప్రదర్శన సందర్భంగా ఒక సెంటు మొదలు అయిదు డాలర్ల దాకా 16 రకాల కొలంబస్ స్టాంపులు వేశారు. అందులో రెండు సెంట్లది ఒక్కటే 140 కోట్లకు పైగా అచ్చయింది. అది అరుదెలా అవుతుంది? డాలర్ల స్టాంపులు కొన్నవారు తక్కువ గనుక వాటికి గిరాకీ.

రెండో సంగతి: అరుదైనదైనా ఏ స్థితిలో మిగిలిందన్నదే ముఖ్యం. అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ మొదటి స్టాంపులు 1847 జూలై 1న విడుదల చేసింది. అయిదు సెంట్లది ఫ్రాంక్లిన్ బొమ్మతో, పది సెంట్లది వాషింగ్టన్ బొమ్మతో. అయిదు సెంట్లవి సుమారు 37 లక్షలు, పది సెంట్లవి తొమ్మిది లక్షల లోపు. వాటికి చిల్లుల అంచు లేదు. పోస్టాఫీసులో కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. కత్తెర ఇటు జరిగితే ఈ స్టాంపు అంచు పోయింది, అటు జరిగితే పక్కదాని అంచు పోయింది. నాలుగువైపులా తెల్లటి అంచు నిండుగా ఉన్నదానికి అందుకే అంత ధర.

1857లో చిల్లులు వచ్చాయి. కాని అచ్చుపలకలు కత్తెర కోసం తయారైనవి. స్టాంపుకూ స్టాంపుకూ మధ్య జాగా చాలదు. చిల్లులు తరచు బొమ్మమీదే పడ్డాయి. బొమ్మ సరిగ్గా నడిమధ్యన ఉన్న స్టాంపు దొరకడం కష్టం.

ఒక్కొక్కప్పుడు అరుదుతనం మిగిలినవాటన్నిటినీ మించిపోతుంది. వాడిన స్టాంపును కడిగి మళ్లీ వాడకుండా, 1867 నుంచి కొన్నేళ్లు కాగితంమీద చిన్నచిన్న గళ్లు నొక్కేవారు. ముద్ర సిరా ఆ గళ్లలోకి ఇంకిపోతుందని. దీన్ని గ్రిల్ అంటారు. జెడ్ గ్రిల్ ఉన్న ఒక సెంటు ఫ్రాంక్లిన్ స్టాంపులు లోకంలో తెలిసినవి రెండే. ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది. రెండోది 2024లో వేలంలో 43 లక్షల డాలర్లు దాటింది. అది ముద్రపడిన, వాడిన స్టాంపే సుమండీ!

ఇక 1918 నాటి 24 సెంట్ల విమానం స్టాంపు. బొమ్మ తలకిందులుగా పడ్డ షీటు ఒక్కటే బయటికి వచ్చింది, అంటే నూరు స్టాంపులు. కొన్నవాడు ఇచ్చింది 24 డాలర్లు. అన్నీ ఒకే షీటువి, ఒకే వయసువి. అయినా 2023లో ఒకటి 20 లక్షల డాలర్లకు పోతే, లోపాలున్నవి అందులో చిన్న భాగానికే పోయాయి. కారణం? ఆ ఒక్కటీ చాలాకాలం చీకటి లాకరులో ఉంది. జిగురు చెడలేదు, వెనక హింజ్ కాగితం అంటలేదు, రంగు వెలవలేదు.

అందుచేత మిత్రులారా, పాత స్టాంపు దొరికితే నీళ్లలో వెయ్యకండి. బంక రాయకండి. వేళ్లతో కాక ట్వీజర్లతో పట్టుకోండి. వెనక్కి తిప్పి, కాగితం పలచబడిందా, మడత ఉందా చూడండి. చిరుగు అతికించి, కొత్త జిగురు పూసి, అంచుకు మళ్లీ చిల్లులు పొడిచి మోసం చేసేవారున్నారు గనుక నిపుణుల ధ్రువపత్రం లేనిదే పెద్ద డబ్బు పెట్టకండి. కవరుతో ఉంటే కవరుతోనే ఉంచండి.

నా ఫీజు చివరికి అమ్మ గాజులు కట్టాయి. కవరు ఉండి ఉంటే అవి మిగిలేవని చెప్పలేను. కాని ఏ ఊళ్లో బయలుదేరి ఏ తేదీన గుంటూరు చేరిందో చెప్పే ముద్రలు దానిమీద ఉండేవి. ఆ స్టాంపులు లోకంలో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ కవరు మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటీ నా చేతిలోనే పోయింది.