కంచ, పోరంబోకు, గైరుమజరువా: విశ్వవిద్యాలయ భూముల పేర్లపై ఒక పరిశీలన

విద్యాలయ ప్రాంగణములను పర్యావరణమునకు అనుకూలముగ తీర్చుటను గూర్చి జరుగు చర్చలలో సౌరఫలకములు, ఇంకుడుగుంతలు, మొక్కలు నాటుట మొదలగువాని ప్రసక్తియే హెచ్చు. అవి అవసరములే. కాని వానికి ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ నేలకు ఏమని పేరు? ఇది భాషాధ్యయనపరులు సమాధానము చెప్పదగిన ప్రశ్న యని నా యభిప్రాయము.

నేను పాఠము చెప్పుచున్న జంషెడ్‌పురమునే మొదట చూతము. 1919 వరకు ఈ ఊరి పేరు సాక్చి. రైలుస్టేషను పేరు కాలీమాటీ, అనగా నల్లమన్ను. ఆ సంవత్సరము వైస్రాయి చెమ్స్‌ఫర్డు పట్టణమునకు జంషెడ్జీ టాటా పేరిడెను. స్టేషను టాటానగర మయ్యెను. సాక్చి ఒక పేటకును, కాలీమాటీ ఒక వీధికిని మిగిలినవి. ఇక ఈ ప్రాంతపు రెవెన్యూ లెక్కలలో సాగులేని నేలకు 'గైరుమజరువా' యని పేరు. అరబీ నుండి వచ్చిన ఈ మాటకు 'విత్తనిది' యని యర్థము. అందు 'ఆమ్' అను తరగతి గ్రామస్థులందరి వాడుకకు సంబంధించినది: దారి, శ్మశానము, పశువుల మేత. ఈ పేరు నేల యేమి కాదో చెప్పునే గాని యేమగునో చెప్పదు.

దక్షిణాదిన దీనికి తోబుట్టువు పోరంబోకు. తమిళమున 'పుఱం' వెలుపల, 'పోక్కు' పోవుట. శిస్తుకు వెలుపలికి పోయిన నేల యన్నమాట. చెరువుగర్భము, బాట, మందబయలు ఇందులోనివే; ఊరికి ప్రాణము వంటివి. అట్టి మాట నేడు తిట్టుగ మారినది. ఇచటి తెలుగు కుటుంబములలో పుట్టిన నా విద్యార్థులు దానిని తిట్టుగనే యెరుగుదురు. అది భూమికి పేరని చెప్పిన నవ్వుదురు. ఉమ్మడి నేలపై గౌరవము తగ్గినందున మాట దిగజారినదా, మాట దిగజారినందున నేల చులకనయైనదా యని విచారింపవచ్చును. రెండును కలిసియే జరిగినవని నేను తలచెదను.

ఈ రెండింటికి భిన్నమైనది కంచ. తెలంగాణమున కంచ యనగా పసరముల మేతకై కాపాడి యుంచిన గడ్డినేల. 'కంచె'తో దీని రూపసామ్యము స్పష్టము. ఇది లేమిని చెప్పు మాట కాదు. నేల చేయు పనిని చెప్పు మాట. హైదరాబాదు చుట్టుపట్ల కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ మొదలగు పేర్లలో నిలిచియున్నది.

1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు గచ్చిబౌలి ప్రాంతమున సుమారు 2,300 ఎకరములు కేటాయింపబడెను. దానిని ఆనుకొని వివాదమునకు గురియైన 400 ఎకరములు రెవెన్యూ పత్రములలో 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' యని వ్రాయబడియున్నవి. అస్తబల్ అరబీ 'ఇస్తబ్ల్', గుఱ్ఱపుసాల. దాని వెనుక లాటిను 'స్తబులుం' కలదు. సర్కారు పారసీకము. తెలుగు, అరబీ, తమిళము, పారసీకము నాలుగును ఒక్క పంక్తిలో కూడి, గుఱ్ఱపుసాలకు చెందిన, శిస్తులేని, ప్రభుత్వపు మేతనేల యని చెప్పుచున్నవి. ఇంతకంటె సమగ్రమైన భూవర్ణన అరుదు.

ఈ నేల 2004లో ఒక క్రీడాసంస్థకు ఇయ్యబడి 2006లో వెనుకకు తీసికొనబడెను. దానిపై నడచిన వ్యాజ్యము 2024లో ప్రభుత్వపక్షమున ముగిసెను. 2025 మార్చి చివర యంత్రములు దిగి చెట్లు కూల్చగా విద్యార్థులు ఎదిరించిరి; ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసెను. హక్కు ఎవరిదను విచారణ న్యాయస్థానములది. నా దృష్టి వాదమునందలి భాషపైననే. ఇది అడవి యని కొందరు, అడవి కాదని కొందరు పలికిరి. పత్రములోని మొదటి మాటను తరచి చూచినవారు అరుదు.

అడవి కానిది బీడు కాదు. దక్కను పీఠభూమిపై గడ్డి, ముండ్లపొదలు, నల్లరాతి గుండ్లు కలిసిన బయలు ఒక పూర్ణమైన జీవావాసము. చెడిపోయిన అడవి కాదు. జింకలకు, నెమళ్లకు, నేలపై గూడుపెట్టు పక్షులకు అది నెలవు. రాతిపై కురిసిన వాన పల్లమునకు జారి కుంటలు నింపును. అయినను 2000లో హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ తోడ్పాటుతో వెలువడిన భారత వృథాభూముల పటసంపుటిలో పొదలనేల వృథాభూములలో ఒక తరగతిగ చేరినది. వృథా! పాతలెక్కలు వ్రాసిన కరణము ఈ విషయమున మనకంటె మేలు.

కావున ప్రాంగణమును పచ్చపరచుటకై గడ్డినేలలో వరుసగ చెట్లు నాటుట మేలు కాదు. జంషెడ్జీ 1902లో కుమారునికి వ్రాసిన లేఖలో కోరిన నీడచెట్ల వీధులు కార్మికనగరమునకు తగినవి; కంచకు తగిన ఉపచారము వేరు. పొదలను ఉండనిచ్చుట, గుండ్లను పగులగొట్టకుండుట, కుంటలకు పోవు వాగుదారులకు అడ్డముగ కట్టడములు లేపకుండుట, మేతకు హద్దు విధించుట అందు ముఖ్యములు.

తెలుగుశాఖలు చేయదగిన పని యొకటి కలదు. పాత సేత్వారులోను, పహాణీలలోను గల పేర్లను సేకరించి, పరిసర గ్రామములందలి గొల్లలను, తోటమాలులను అడిగి, ప్రతి గుట్టకు, కుంటకు, వాగుకు వారు వాడు పేరును చేర్చి ఒక పటము సిద్ధపరుపవలెను. కట్టడముల సంఘము కొత్త భవనమునకు స్థలము నిర్ణయించునాడు ఆ పటము బల్లపై నుండవలెను. పశువుల నెరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. ఈ పని ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చును.