మైకు అవతలి మనిషి: మనవరాలికి రాసిన అనుభవ పాఠాలు

మా చెల్లెలి మనవరాలు టొరంటోలో ఒక టీవీ వార్తల విభాగంలో చేరింది. పుట్టి పెరిగింది హనుమకొండలో. "అమ్మమ్మా, పరాయి దేశంల ఇన్నేండ్లు రేడియోల ఎట్ల నెగ్గుకొచ్చినవో రాసియ్యి" అని అడిగింది. నెగ్గుకురావడం గురించి చెప్పాలని నాకు పెద్దగా లేదు. ముక్కూమొహం తెలియని మనిషి మనల్ని నమ్మి నోరు విప్పడం గురించి చెప్పాలని మాత్రం చాలా ఉంది.

1970ల మొదట్లో డాక్టరు భర్త వెంట ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చాను. వరంగల్ వైపు పుట్టినదాన్ని కాబట్టి ఉర్దూ నోట ఆడేది. ఆ ఉర్దూయే నన్ను ఒక స్థానిక రేడియోలో ఆసియా శ్రోతల కార్యక్రమానికి చేర్చింది. తర్వాత గుజరాతీ నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇంగ్లిష్ వార్తల రిపోర్టరునయ్యాను, రిటైరయ్యేదాకా ఆ పనే చేశాను. పిల్లకు రాసింది ఈ వృత్తిలోకి వచ్చే ఇంకెవరికైనా అక్కరకొస్తుందని అచ్చుకు ఇస్తున్నాను.

1. మైకు కాసేపు సంచిలోనే ఉండనీ

1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్లకు దేశం విడిచి పొమ్మని 90 రోజుల గడువు పెట్టాడు. సుమారు 28 వేల మంది బ్రిటన్ చేరారు. స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో దిగి, పాత సైనిక స్థావరాల్లో పెట్టిన శిబిరాల్లో తలదాచుకుని, వేలమంది లెస్టర్ దారి పట్టారు. నేను రేడియోలో చేరేనాటికి బెల్‌గ్రేవ్ రోడ్డు చుట్టూ ఇరుకిళ్లలో కాపురాలు పెట్టి, హోజరీ మిల్లుల్లో షిఫ్టులకు వెళ్తున్నారు.

ఆ ఇళ్లకు వెళ్లినప్పుడు నా భుజాన టేప్ రికార్డరు ఉండేది. బరువైన పెట్టె. అది కనబడితే చాలు, మనుషులు బిగుసుకుపోయేవారు. కూర్చునే తీరు మారేది. ఆఫీసులో అర్జీ పెట్టుకుంటున్నట్టు మాట్లాడేవారు. అందుకని దాన్ని గుమ్మం పక్కనే దించేదాన్ని. టీ తాగడం అయ్యేదాకా పని మాట ఎత్తేదాన్ని కాదు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏ మిల్లు అని నేను అడిగితే, నీ అమ్మానాన్నలు ఎక్కడ, నువ్వు చలికి ఎట్లా ఓర్చుకుంటున్నావు అని వాళ్లు నన్ను అడిగేవారు. అడిగినవాటికి దాచకుండా జవాబు చెప్పేదాన్ని. మనం ఒక్క ముక్క కూడా ఇవ్వకుండా ఎదుటివాళ్ల జీవితమంతా ఇమ్మనడం న్యాయం కాదు. ఆ అరగంట దండగ అనే ఎడిటర్లు నీకూ తగులుతారు. అది లేకపోతే చేతికొచ్చేది అర్జీయే, మనిషి కాదు.

2. "మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడగకు

కష్టంలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న పరీక్షలా తగులుతుంది. ఏడిస్తే పాసు, ఏడవకపోతే ఫెయిలు. వస్తువు గురించి అడుగు, పని గురించి అడుగు, వేళ గురించి అడుగు. అమీన్ సైనికులు కుటుంబానికి సుమారు 50 పౌండ్లకు మించి తీసుకుపోనివ్వలేదు. ఆ లెక్క అప్పటికే అందరూ వార్తల్లో చెప్పేశారు. నేను మాత్రం "పెట్టెలో ఏం పెట్టుకున్నారు?" అని అడిగేదాన్ని. ఉగాండాలోని ఎంబాలె ఊళ్లో దుకాణం నడిపిన ఒక పెద్దాయన లోపలికి వెళ్లి తన ఖాతా పుస్తకం తెచ్చి చూపించాడు. అరువు తీసుకున్న ఊరివాళ్ల పేర్లన్నీ ఉన్నాయి అందులో. ఆ బాకీలు ఇక వసూలు కావని ఆయనకు తెలుసు. ఒక్కో పేరూ చదువుతూ, వీడి కొడుకు బడికి పోతున్నాడు, ఈమె పండగకు బట్ట కొన్నది అని చెప్పుకుంటూ పోయాడు. పోగొట్టుకున్నది సొమ్ము కన్నా ఎంత పెద్దదో ఆ చదవడంలోనే వినబడింది. "ఎలా అనిపిస్తోంది" అని అడిగి ఉంటే "ఏం చేస్తాం, దేవుడి దయ" అని ఊరుకునేవాడు.

3. గొంతు నీదై ఉండాలి

హనుమకొండలో మా ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, రేడియో వార్తల్లో వచ్చే తెలుగు ఒకటి. మన మాట వార్తలకు పనికిరాదని మా తరం పిల్లలం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. తర్వాత సెలవులకు వచ్చినప్పుడు, ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం పాత్రలు మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి వినేవాళ్లను చూశాను. ఇంటి మనుషుల్లా మాట్లాడారు కాబట్టే విన్నారు.

బ్రిటన్‌లో ఈ తగువు ఇంకా పాతది. 1941లో యార్క్‌షైర్ మనిషి విల్‌ఫ్రెడ్ పికిల్స్ తన యాసతో బీబీసీ జాతీయ వార్తలు చదివితే, ఆ యాసలో వింటే వార్త నమ్మబుద్ధి కావడం లేదని శ్రోతలు ఫిర్యాదు చేశారు. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టిన తెల్లవాడు. అలాంటిది, మన నోట ఇంగ్లిష్ వింటే మొదట్లో కొందరికి చిరాకు కలగడంలో వింత లేదు.

అయితే యాస అంతా ఉంచుకుంటేనే నిజాయితీ అని కూడా అనుకోకు. 1939లో ట్రినిడాడ్‌లో పుట్టిన ట్రెవర్ మెక్‌డొనాల్డ్ 1973లో ఐటీఎన్ అనే టీవీ వార్తా సంస్థలో చేరి, అక్కడ మొట్టమొదటి నల్లజాతి రిపోర్టరయ్యాడు. ఆయన ఇంగ్లిష్ తీర్చిదిద్దిన ఇంగ్లిష్. ఎంతో సాధన చేసి సంపాదించుకున్న ఆ గొంతు ఆయనదే, అరువు కాదు. దేశాధినేతతో ఒక గొంతు, కూలివాడితో ఇంకో గొంతు వాడేవాళ్లను శ్రోతలు ఇట్టే పట్టేస్తారు. స్పష్టత కోసం ఎంతైనా సాధన చెయ్యి. ఎవరిలానో వినబడటం కోసం చెయ్యకు.

ఇంకో చిన్న మాట. ఎవరి పేరైనా ప్రసారంలో పలికే ముందు వాళ్లచేతనే ఒకసారి పలికించుకో. పోలిష్ పేరైనా, సోమాలీ పేరైనా, మన ఇంటిపేరైనా.

4. జాలి చూపించే ముందు వాళ్ల పరువు చూడు

జార్జ్ అలగయ్య గురించి నీకు తెలియాలి. 1955లో కొలంబోలో తమిళ కుటుంబంలో పుట్టాడు. 1961లో కుటుంబం ఘనాకు వెళ్లింది. తర్వాత ఇంగ్లండ్‌లో హాస్టలు చదువు, డర్హమ్ విశ్వవిద్యాలయం. 1989లో బీబీసీలో చేరి ఆఫ్రికా యుద్ధాలు, కరువులు కళ్లారా చూసి చెప్పాడు. తర్వాత ఏళ్లపాటు సాయంత్రం ఆరు గంటల వార్తలకు ముఖమయ్యాడు. మా ఇళ్లలో ఆయన్ని మనవాడే అనుకునేవాళ్లం. ఇంగ్లిష్ ఇళ్లవాళ్లూ అలాగే అనుకున్నారు.

2001లో వచ్చిన ఆయన పుస్తకం 'ఎ పాసేజ్ టు ఆఫ్రికా'లో సోమాలియా కరువు గురించి ఒక భాగం ఉంది. ఇప్పుడు ఇక్కడి బడిపిల్లలు దాన్ని పాఠంగా చదువుతున్నారు. గుఫ్‌గడూద్ అనే మారుమూల ఊరికి టీవీ బృందంతో వెళ్తాడు. అప్పటికే కరువు దృశ్యాలు ఎన్నో చూపించి ఉన్నారు. నిన్నటి దృశ్యం కన్నా ఇవాళ్టిది ఘోరంగా ఉంటే తప్ప ప్రేక్షకుడు కదలడన్న లెక్క తమలో ఎలా చేరిందో దాపరికం లేకుండా రాశాడు. ఆకలి చావులు, కుళ్లిన పుండ్లు చూస్తూ పోతుంటే ఒక మనిషి ముఖం ఆయన వైపు చూసి చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు ఎందుకో అర్థం కాక దుబాసీ చేత అడిగిస్తాడు. ఇంత హీనస్థితిలో పరాయివాళ్ల కంటబడ్డానే అన్న సిగ్గుతో నవ్విన నవ్వు అది. అప్పటిదాకా చూసేవాడు విలేకరి, చూడబడేవాడు బాధితుడు. ఆ నవ్వు ఆ వరస మార్చేసింది. ఆ మనిషి పేరు అలగయ్యకు చివరిదాకా తెలియలేదు. పేరు లేని ఆ మనిషికి తాను రుణపడ్డానని రాశాడు.

బిడ్డా, ఆ భాగం ఏడాదికోసారైనా చదువు. ఎంత లేనివాళ్లయినా అతిథి వచ్చాడంటే చాప పరుస్తారు, చినిగిన చీర కొంగు సర్దుకుంటారు. ఆ సర్దుకునే వ్యవధి వాళ్లకు ఇచ్చాకే కెమెరా తిప్పించు. ఆకలిని చూపించవద్దని నేను అనను. 1984 అక్టోబరులో ఇథియోపియాలోని కోరెమ్ నుంచి బీబీసీ విలేకరి మైకేల్ బర్క్ పంపిన కరువు వార్త రాకపోయి ఉంటే ప్రపంచం కదిలేది కాదు. ఆ దృశ్యాలు తీసిన మొహమ్మద్ అమీన్ నైరోబీలో పుట్టిన ఆసియా మనిషి. చూపించాలి. చూపించేటప్పుడు ఆ మనిషికి ఒక పేరు, ఒక ఊరు, ఒక వృత్తి ఉండాలి.

5. నిన్ను వద్దనేవాళ్ల ఇంటికి కూడా వెళ్లు

నా పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఉగాండా వాళ్లు రాకముందే లెస్టర్ నగర పాలక మండలి కంపాలా పత్రిక 'ఉగాండా ఆర్గస్'లో ప్రకటన వేయించింది. మా ఊళ్లో ఇళ్లు లేవు, బళ్లలో చోటు లేదు, మా ఊరికి రావద్దు అని దాని సారాంశం. 1976 స్థానిక ఎన్నికల్లో వలసలు వద్దనే నేషనల్ ఫ్రంట్‌కు ఈ ఊళ్లో 18 శాతం దాకా ఓట్లు పడ్డాయి. అంటే నేను రోజూ రొట్టె కొనే దుకాణంలో, బస్సులో, వార్తల కోసం వెళ్లే వీధుల్లో ఆ ఓటు వేసినవాళ్లు ఉన్నారు. వాళ్లూ నా శ్రోతలే.

మా ఆయన వృద్ధుల వైద్యంలో పనిచేసేవారు. ఇంగ్లిష్ డాక్టర్లు పెద్దగా ఇష్టపడని విభాగం కాబట్టి మనవాళ్లు చాలామంది అందులోనే తేలారు. వార్డులో ముసలివాళ్లు ఆయన చెయ్యి పట్టుకుని, మా వీధి మాకు కాకుండా పోయిందని చెప్పుకునేవారు. దాన్నంతా ద్వేషం కింద కొట్టిపారేయవచ్చు. నాకు అందులో బెంగ కూడా వినబడింది. పక్కింటివాళ్లు వెళ్లిపోయారు, మిల్లులు మూతపడుతున్నాయి, పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. నేను మైకు పట్టుకుని వాళ్ల గుమ్మం తొక్కాను. కొందరు తలుపు వేశారు. కొందరు కూర్చోబెట్టి, నన్ను మినహాయించి మిగతా మావాళ్లందరినీ తిట్టారు. విన్నాను, రికార్డు చేశాను, ప్రసారం చేయించాను. వాళ్లు చెప్పిన అంకెల్లో తప్పుంటే అదే కార్యక్రమంలో సరైన అంకె చెప్పాను. వినడం వేరు, తలూపడం వేరు. రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఈ పనిలో ఎక్కువకాలం నిలబడలేరు.

ఇక మనవాళ్ల సంగతి. 1974 మేలో లెస్టర్‌లోని ఇంపీరియల్ టైప్‌రైటర్స్ కర్మాగారంలో ఆసియా కార్మికులు సమ్మెకు దిగారు. బోనస్ లెక్కలో అన్యాయం జరిగిందని, తమకు పై పనులు రానివ్వడం లేదని వాళ్ల ఫిర్యాదు. స్థానిక యూనియన్ నాయకత్వం వాళ్ల పక్కన నిలబడలేదు. అలాంటి వార్త వచ్చినప్పుడు "నీ వాళ్లే కదా, నీకు తెలుస్తుంది" అని నిన్ను పంపుతారు. వాళ్లు గుజరాతీలు, నేను తెలుగుదాన్ని. వాళ్ల యంత్రం గురించీ వాళ్ల ఇంటి గురించీ నాకు తెలిసింది శూన్యం. చర్మం రంగు చూసి అప్పగించిన పనిని చదువుతో చెయ్యి: జీతం చీటీ చూడు, బోనస్ లెక్క కట్టించుకో, ఫోర్‌మన్ వాదన కూడా విను. సమ్మె దాదాపు మూడు నెలలు సాగింది, మరుసటేడు కర్మాగారమే మూతపడింది. అప్పుడు తెల్లవాళ్లు, ఆసియా వాళ్లు కలిసి రోడ్డున పడ్డారు. రెండు ఇళ్లలోనూ నన్ను గుర్తుపట్టి లోపలికి రానిచ్చారంటే, అంతకుముందు రెండు వైపులా విన్నందుకే.

6. కత్తిరించేటప్పుడు ఊపిరి తీసెయ్యకు

మా రోజుల్లో టేపు మీద మైనపు పెన్సిల్‌తో గీతలు పెట్టి, బ్లేడుతో కోసి, అతికించేవాళ్లం. కోసిన ముక్కలు కాళ్ల దగ్గర పడేవి. ఎవరి మాట ఎక్కడ తీసేశామో కంటికి కనబడేది. ఇప్పుడు నీకు తెర మీద ఒక మీట చాలు, కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి.

నిమిషం మిగులుతుందని మాటల మధ్య మౌనం కత్తిరిస్తారు. "మా అబ్బాయి..." అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "పోయాడు" అన్న మనిషి మాటలో ఆ ఆగడం కూడా భాగమే. ఆయన జవాబును వేరే ప్రశ్న కింద అతికిస్తే ప్రతి అక్షరం ఆయనదే అయినా అది అబద్ధం. మాటలు అయిపోయాక ఆ గదిలో ఊరికే అరనిమిషం శబ్దం రికార్డు చేసుకో. గడియారం, వంటింటి చప్పుడు, కిటికీ అవతలి బస్సు. అతుకులు సాఫీగా రావడానికి అది పనికొస్తుంది. ఆ అరనిమిషంలోనే చాలామంది అసలు మాట చెప్పడం నేను చూశాను.

7. పిల్లల చేత దుబాసీ పని చేయించకు

ఇంగ్లిష్ రాని తల్లి పక్కన బడికెళ్లే కూతురు ఉంటుంది. సులువుగా ఉంటుంది కదా అని ఆ పిల్లను మధ్యలో కూర్చోబెడతారు. తండ్రి కొట్టిన సంగతి, ఇంటి అప్పు, అమ్మ జబ్బు ఆ పిల్ల నోటి మీదుగా వెళ్లాలా? పెద్దవాళ్లను ఎవరినైనా పిలిపించు, దొరకకపోతే వార్త రేపటికి వాయిదా వెయ్యి.

8. నీ కథ ఎప్పుడు చెప్పాలి

వలస వచ్చినవాళ్లను నీ కథ చెప్పు, నీ కథ చెప్పు అని అడుగుతూనే ఉంటారు. వినేవాళ్లకు ఉపయోగపడితే చెప్పు. దీనికి కూడా నాకు కొలమానం అలగయ్యే. 2014లో ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది, అప్పటికే ముదిరింది. ఆయన దాన్ని దాచలేదు, కన్నీటి కథ చేసి అమ్మలేదు. అప్పట్లో ఆ జబ్బును ముందే పట్టే పరీక్ష స్కాట్లాండ్‌లో 50 ఏళ్లకే మొదలుపెట్టేవారు, ఇంగ్లండ్‌లో 60 దాకా ఆగేవారు; నాకు కూడా 50కే చేసి ఉంటే ముందే పట్టుబడేది అని బహిరంగంగా చెప్పి, వయసు తగ్గించాలని అడిగాడు. ఆ జబ్బుతో బతికేవాళ్లతో, వైద్యులతో పాడ్‌కాస్ట్ చేశాడు. చికిత్స నడుమ వీలైనప్పుడల్లా వార్తలు చదివి, 2023 జులైలో కన్నుమూశాడు. తన ఒంటి బాధను పదిమందికి పనికొచ్చే ప్రశ్నగా మార్చాడు.

9. మన పిల్లలు పోయినప్పుడు

ఈ పాఠం ఇప్పటి నీ ఉద్యోగానికి. అమెరికాలోనో కెనడాలోనో మన తెలుగు విద్యార్థి రోడ్డు ప్రమాదంలోనో, నీళ్లలో పడో, కాల్పుల్లోనో చనిపోతే, మన ఊళ్లో తల్లి గుండెలు బాదుకుంటున్నప్పుడు ఆమె నోటి దగ్గర మైకులు గుత్తులుగా పెడతారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నా ఒళ్లు మండిపోతుంది. ఆ తల్లి ఏడుపులో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆమెకు తెలియాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి, అవి తెలుసుకోగల చోట నువ్వు ఉన్నావు. శవపరీక్ష ఎవరు చేస్తారు, భారత కాన్సులేట్‌లో ఎవరితో మాట్లాడాలి, ఏ కాగితాలు కావాలి, భౌతికకాయం విమానంలో పంపడానికి అక్కడి ఏర్పాట్లు ఏమిటి, విరాళాలు పోగుచేస్తున్నవాళ్లు నిజమైన స్నేహితులా కాదా. ఇవి కనుక్కుని ఆ ఇంటివాళ్లకు తెలుగులో స్పష్టంగా చెప్పు. నీ టొరంటో ప్రేక్షకులకు ఆ పిల్లవాడు ఏం చదువుతున్నాడో, రాత్రిపూట ఎక్కడ పని చేస్తున్నాడో, ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పు.

వీటన్నిటికన్నా ముందు ఒక పని ఉంది. పేరు ప్రసారం చేసే ముందు ఇంటివాళ్లకు కబురు చేరిందా అని పోలీసులను అడుగు. రెండు దేశాల మధ్య వేళ తేడా వల్ల ఇంట్లో వాళ్లు నిద్రలో ఉండగానే పేరు ఫోన్లలో తిరిగిపోతుంది. కబురు చేరినట్టు తేలేదాకా నీ వార్తలో పేరు వద్దు, ఫొటో వద్దు. డెస్కు ఎంత తొందరపెట్టినా, పక్క చానల్ వేసేసినా, ఈ ఒక్క విషయంలో దిగిరాకు.