విల్లు చెక్కిన చేతులు

ఉద్దేశం: చేతివిద్యలోని ఓర్పును, పరిశీలనను, గురుశిష్య సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం, అంతరించిపోతున్న విద్యల పట్ల గౌరవాన్ని కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన ఇతిహాసాలలో విల్లుకు ఉన్నతమైన స్థానం ఉంది. శ్రీరాముని కోదండం, అర్జునుని గాండీవం, శివధనుర్భంగం తెలియని తెలుగువారు ఉండరు. విల్లు ఎత్తినవారిని, ఎక్కుపెట్టినవారిని, విరిచినవారిని కవులు వేనోళ్ళ కీర్తించారు. కాని, ఆ కొయ్యను చెట్టు నుండి తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, విల్లుగా మలచిన చేతులను గూర్చి చెప్పినవారు అరుదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మాత్రం తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అనే నాలుగు పదార్థాలతో చేసిన విండ్లను పేర్కొన్నది. ఏ పదార్థానికి తగిన పనితనం ఆ పదార్థానిది. ఆ పనితనం గ్రంథాలలో కన్నా పనివారి చేతులలోనే తరతరాలుగా జీవించింది. చేతులలో నిలిచిన విద్యకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఆ చేతులు చల్లబడితే విద్య కూడ వాటితోనే అంతరిస్తుంది. అలా అంతరించవలసిన ఒక విద్య చివరి ఘడియలలో మరొక చేతికి అందిన వృత్తాంతమే ఈ పాఠం.

అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. అక్కడి లాసెన్ పర్వత పాదాలలో, లోతైన వాగుల వెంట, యాహీ అనే చిన్న ఆదివాసి తెగ నివసించేది. 1848లో ఆ ప్రాంతంలో బంగారం బయటపడింది. బంగారం కోసం, భూమి కోసం వెల్లువలా వచ్చిన వలసదారులు 1860వ దశకంలో యాహీలను వేటాడి చంపారు. ప్రాణాలతో మిగిలిన కొద్దిమంది సుమారు నలభై సంవత్సరాలు కొండలలో దాగి బ్రతికారు. కాలక్రమంలో వారూ కన్నుమూయగా ఒకే ఒక్కడు మిగిలాడు. 1911 ఆగస్టు 29న ఆకలితో చిక్కి శల్యమైన ఆ మనిషి ఓరోవిల్ పట్టణం శివార్లకు వచ్చి నిలిచాడు. మానవశాస్త్రవేత్తలు ఆయనను శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మ్యూజియానికి తీసుకొని వచ్చారు. తన పేరు తాను పలకడం యాహీల ఆచారం కాదు. పేరు పెట్టి పిలవడానికి ఆయన వారు ఎవ్వరూ మిగలలేదు. అందువలన వారి భాషలో ‘మనిషి’ అనే అర్థం గల ‘ఇషీ’ అనే మాటనే ఆయనకు పేరుగా పెట్టారు.

మ్యూజియం పక్కనే వైద్య కళాశాల ఉండేది. అక్కడి శస్త్రచికిత్స నిపుణుడు సాక్స్‌టన్ పోప్. ఇషీ ఆరోగ్యాన్ని చూడవచ్చిన ఆ వైద్యుడు క్రమంగా ఆయనకు స్నేహితుడయ్యాడు. ఇషీ విల్లు చేయడం చూచి, ఆ విద్య తనకూ నేర్పమని ఆయన పక్కన చేరాడు. శరీరంపై కత్తి నడిపించడంలో ఆరితేరిన చేతులు కొయ్య ముందు మళ్ళీ ఓనమాలు దిద్దుకోవలసి వచ్చింది. ఇషీకి వచ్చిన ఇంగ్లీషు కొద్ది మాటలే. పోప్‌కు వచ్చిన యాహీ భాష అంతకన్నా తక్కువ. కనుక పాఠం మాటలలో కన్నా చేతలలోనే సాగింది.

ఇషీ కొలబద్ద వాడలేదు. ఒక చేతిని పక్కకు చాచి, ఆ చేతి నుండి ఎదురు తుంటి వరకు ఉన్న దూరాన్ని విల్లు పొడవుగా తీసుకొనేవాడు. అది సుమారు 42 అంగుళాలు. పట్టేవాని శరీరమే పనిముట్టుకు కొలత. మన ప్రాచీన కొలమానంలో నాలుగు మూరలను ఒక ‘ధనుస్సు’ అనడం ఇక్కడ స్మరింపదగినది. మనిషి కొలతతో పుట్టిన విల్లు మన దేశంలో తానే ఒక కొలతగా మారింది.

కొలత నిర్ణయించుకున్న తరువాత కొయ్య. ఇషీ కొండలలో పెరిగే జూనిపర్ చెట్టు కొమ్మను నిలువునా చీల్చి, దాని వెలుపలి పొరలను ఎన్నుకొనేవాడు. రంపంతో కోసిన కొయ్యలో ఈనెలు మధ్యలో తెగవచ్చు. చీల్చిన కొయ్య తన ఈనె వెంటే విడిపోతుంది. తెగిన ఈనె ఉన్నచోట విల్లు విరుగుతుంది. అందుచేత కొయ్యకు తనకు తోచిన దారి చూపడం కాక, కొయ్య చూపిన దారిలో నడవడమే కొత్తగా విల్లు చెక్కేవాడు నేర్వవలసిన మొదటి పాఠం.

ఆ బద్దను గీకి, ఇసుకరాయిపై రుద్ది రూపానికి తెచ్చేవాడు. కొనలను వేడి రాతిపై ఆనించి వెనుకకు వంచేవాడు. పిదప దానిని మరొక కర్రకు కట్టి, వెలుతురు సోకని పొడిచోట ఆరబెట్టేవాడు. అవసరాన్ని బట్టి కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు అది అక్కడే ఉండేది. పచ్చి కొయ్య వంగుతుంది. కాని వంగినది వంగినట్లే ఉండిపోతుంది. ఆరిన కొయ్యకే తిరిగి నిలిచే బిగువు ఉంటుంది.

విల్లు పనిలో కత్తికన్నా కన్ను ముఖ్యం. విల్లును వంచినప్పుడు గురివైపు ఉన్న ముఖం సాగుతుంది. విలుకానివైపు ఉన్న ముఖం నలుగుతుంది. పిడికి ఇరువైపులా ఉన్న భాగాలు రెండూ సమంగా వంగాలి. ఒకచోట ఎక్కువ పలచబడితే భారమంతా అక్కడే చేరి, కొయ్య అక్కడే విరుగుతుంది. కొయ్య మందం సగమైతే దాని బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒక్క పొర ఎక్కువ గీకినా ఫలితం పెద్దది. మట్టిపని చేసేవాడు తీసిన మట్టిని తిరిగి అద్దగలడు. కొయ్యపని చేసేవాడు తీసిన పొరను తిరిగి అతకలేడు. కొద్దిగా గీకడం, మెల్లగా వంచి చూడడం, బిగువుగా ఉన్నచోటు గుర్తించడం, మరల కొద్దిగా గీకడం: ఏ దేశపు కొయ్యవిల్లుకైనా ఇదే క్రమం. తొందరపడినవాని చేతిలో మిగిలేది వంటచెరకే.

పొట్టి విల్లును ఎక్కువగా లాగితే వెలుపలి ముఖం చిట్లుతుంది. దీనికి యాహీలు ఒక ఉపాయం కనుగొన్నారు. సాల్మన్ చేప చర్మాన్ని ఉడికించి జిగురు తీసేవారు. జింక కాళ్ళ స్నాయువులను నమిలి, మెత్తబరచి, పోగులుగా విడదీసి, ఆ జిగురుతో విల్లు వెలుపలి ముఖానికి దట్టంగా అతికించేవారు. సాగుడును తట్టుకొనే ఆ పోగులు కొయ్యకు కవచమయ్యేవి. విల్లునారిని కూడ సన్నని స్నాయువులతోనే పేనేవారు. కౌటిల్యుడు నారికి తగినవని చెప్పిన వస్తువులలో స్నాయువు కూడ ఒకటి. ఒకరినొకరు ఎరుగని రెండు దేశాల పనివారు ఒకే సమస్యకు ఒకే సమాధానం కనుగొనడం గమనింపదగినది.

ఇషీ దృష్టిలో విల్లు కేవలం ఆయుధం కాదు. దానిని ఎవరూ దాటరాదు, పిల్లలు ముట్టుకోరాదు. నారి బిగించి అమ్ముతో మీటితే మంచి విల్లు ఇంపుగా మ్రోగాలి. విల్లు ఒక కొనను నోటి అంచున ఆనించి, నారిని మీటుతూ ఇషీ పాడేవాడట. తనవారందరూ పోయిన భాషలో ఆయన పాడిన ఆ పాటను విన్నవారిలో పోప్ ఒకడు.

1916 మార్చి 25న ఇషీ క్షయవ్యాధితో మరణించాడు. శరీరాన్ని కోసి పరీక్షించవద్దని మానవశాస్త్రవేత్త క్రోబర్ రాసిన ఉత్తరం సమయానికి అందలేదు. పరీక్షలో వేరుచేసిన ఆయన మెదడును ఒక పెద్ద మ్యూజియానికి పంపారు. అది ఆయన బంధుజాతులవారి చేతికి తిరిగి చేరింది 2000 సంవత్సరంలోనే. ఆయన విద్యను ఆదరించిన లోకం ఆయన దేహానికి అంతటి మర్యాద చేయలేకపోయింది. విద్యను గౌరవించడమంటే విద్య గలవానిని గౌరవించడమేనని ఈ సంఘటన హెచ్చరిస్తుంది.

ఇషీ భౌతికకాయంతో పాటు ఆయన విల్లు ఒకటి, అయిదు అమ్ములు దహనమయ్యాయి. అయితే ఆ విల్లు వెనుక ఉన్న తెలివి కాలిపోలేదు. పోప్ తాను నేర్చినదానిని ‘యాహీ ఆర్చరీ’ అనే పేరుతో 1918లో ప్రకటించాడు. 1923లో వెలువడిన ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’ అనే మరో గ్రంథంలో ఇషీ విల్లు చేసిన తీరును సవివరంగా రాశాడు. చేతితో విల్లు చేయాలనుకొనే కొత్తవారు నేటికీ ఆ పుటలు తిరగవేస్తుంటారు. ఒక జాతి చివరి మనిషి నేర్పగా ఒక్క శిష్యుడు శ్రద్ధతో నేర్వడం వలన ఆ విద్య నిలిచింది. మన ఊళ్ళలోనూ మగ్గం ముందు, సారె ముందు, కొలిమి ముందు కూర్చున్న పెద్దలున్నారు. వారి పక్కన కూర్చోవలసిన శిష్యుల స్థానమే ఖాళీగా ఉన్నది.

అర్థాలు
ధనుర్భంగం = విల్లు విరగడం
వేనోళ్ళ = వేయి నోళ్ళతో, మిక్కిలిగా
శల్యం = ఎముక
ఈనె = కొయ్యలోని నిలువు పోగు
స్నాయువు = కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నరం
నారి = వింటి త్రాడు
అమ్ము = బాణం
సారె = కుమ్మరి చక్రం

ప్రశ్నలు
1. ‘విల్లు పనిలో కత్తికన్నా కన్ను ముఖ్యం’ అనే మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. ఇషీ విల్లు చేసిన విధానాన్ని వివరించండి.
3. ఇషీకి ఆ పేరు ఎలా వచ్చింది?
4. మీ ప్రాంతంలో అంతరించిపోతున్న ఒక చేతివిద్యను పరిశీలించి, ఆ పనివారితో మాట్లాడి వ్యాసం రాయండి.