నల్లా ఆగకముందే పసిగట్టే కొలువు

2022 జనవరి 6 తెల్లవారుజామున గుజరాత్‌లోని సూరత్ దగ్గర సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో ఓ ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను కాలువలోకి వదిలారు. లేచిన విషవాయువుకు ఆరుగురు చనిపోయారు. నీటి సరఫరాలో పనిచేసేవాళ్లకు ఆ వార్తలో ఇంకో భయం కూడా కనబడుతుంది: అలాంటి కాలువ పక్కనుంచి మంచినీటి పైపు పోతుంటే?

గంటల లెక్కన నీళ్లు వదిలే చోట, సరఫరా ఆగగానే పైపులో ప్రెషర్ పడిపోతుంది. జాయింటు దగ్గర చిన్న చిల్లున్నా చాలు, బయట నిలిచిన మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు వాల్వ్ తిప్పితే మొదటి బిందెలో పడేది అదే. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటిది జరగకముందే పసిగట్టడమే వృత్తిగా పెట్టుకోవచ్చని మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. మగ్గాల పని కోసం సూరత్ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలకైతే ఆ అవకాశం ఇంటి పక్కనే ఉంది. ఆ ప్రమాదం జరిగిన సచిన్ కూడా 2020లో సూరత్ నగరపాలికలో కలిసింది.

సూరత్ నగరం తాగేది తాపీ నది నీళ్లు. సముద్రపు ఉప్పు ఎగువకు ఎక్కకుండా సింగణ్‌పోర్ దగ్గర అడ్డుకట్ట కట్టారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన వరద నగరంలో చాలా భాగాన్ని ముంచింది. ఎండకు ఉప్పు ముప్పు, వానకు వరద ముప్పు.

పని ఎలా ఉంటుందంటారా? ఒక పంపు సగటున వెయ్యి గంటలకోసారి ఆగి, బాగుకు పది గంటలు పడుతుందనుకుందాం. అంటే నూటికి 99 పాళ్లు నడుస్తున్నట్టు. బేరింగు స్టోర్లో సిద్ధంగా ఉండి రెండు గంటల్లో మార్చగలిగితే అది 99.8 అవుతుంది. పంపు పాతదే, కొత్తది కొననక్కర్లేదు. స్టాండ్‌బై పంపు ఉందని నిశ్చింతగా ఉన్నా, రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదుంటే కరెంటు పోయిన రాత్రి రెండూ ఆగుతాయి. ఇది కనిపెట్టే కన్ను కావాలి. డిగ్రీ ఒక్కటే ఉంటే ఆ కన్ను రాదు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చేసినవాళ్లు పంప్‌హౌస్‌లో మొదలుపెట్టవచ్చు. సివిల్ డిప్లొమా, బీటెక్ వాళ్లకు నగరపాలికలు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖలు, నిర్వహణ కాంట్రాక్టు సంస్థలు ఉన్నాయి. కెమిస్ట్రీ చదివినవాళ్లకు నీటి పరీక్షల ల్యాబులు ఉన్నాయి. వాళ్లు ఐఎస్ 10500 అనే తాగునీటి ప్రమాణాన్ని కంఠతా పట్టాలి. సూరత్‌లో ఉంటే గుజరాతీ రాయడం, చదవడం తప్పనిసరి అనుకోండి. లైన్‌మన్ చెప్పేది అర్థం కాకపోతే లోపం దొరకదు.

పైపుల్లో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే ఈపానెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ వీధి వాల్వులు, ట్యాంకు, నీళ్లొచ్చే వేళలు, ఏ ఇంట్లో చివర్న సన్నధార వస్తుందో కనుక్కుని అందులో గీయండి. ఏ వాల్వు మూస్తే ఎన్ని ఇళ్లు ఎండిపోతాయో లెక్కగట్టండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ మ్యాపు వెంట తీసుకెళ్లండి.