కాలేయమున పారు రక్తమును కొలుచుట

దేహములోపలి అవయవములలో కాలేయము మిక్కిలి పెద్దది. పెక్కు అవయవములకు రక్తము ధమని ద్వారా మాత్రమే వచ్చును. కాలేయమునకు రెండు త్రోవలు కలవు. ధమని తెచ్చునది ఇంచుమించు నాలుగవ వంతు. మిగిలిన మూడు వంతులును జీర్ణకోశము నుండి కాలేయ నిర్వాహక సిర కొనివచ్చును. ఆరోగ్యవంతుని కాలేయమున నిమిషమునకు సుమారు 1.5 లీటర్ల రక్తము పారును.

గుండె లయ తప్పినప్పుడు ఇచ్చు లిడోకెయిన్ అను మందు రక్తము నుండి తొలగుట ఈ ప్రవాహముపై ఆధారపడియుండును. గుండె బలహీనపడి ప్రవాహము తగ్గిన రోగికి మామూలు మోతాదే ఇచ్చినచో మందు దేహమున పేరుకొని మూర్ఛలు కలిగింపవచ్చును. కావున ఈ కొలత వట్టి కుతూహలము కొరకు కాదు.

జంతువు పొట్ట కోసి నాళములకు కొలపరికరములు తగిలింపవచ్చును. కాని మత్తుమందును శస్త్రచికిత్సయు ప్రవాహమునే మార్చివేయును. కొలువబోయినది కొలుచుటచేతనే మారినచో ఆ కొలత యెందులకు?

1870లో జర్మనీ దేశమందలి వుర్ట్స్‌బర్గ్ నగరమున అడాల్ఫ్ ఫిక్ అను శాస్త్రజ్ఞుడు గుండె విషయమున ఒక సూత్రము చెప్పెను. దానిని ఇట్లు గ్రహింపుడు. సంతకు వచ్చు ప్రతి బండిలోను 12 బస్తాలున్నవి; తిరిగిపోవునప్పుడు 7 ఉన్నవి. గంటలో దిగిన బస్తాలు 200. బండ్లను చూడకయే 40 వచ్చినవని చెప్పవచ్చును గదా! 1945లో బ్రాడ్లీ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును ఒక రంగుపదార్థముతో ఈ లెక్కను మనుష్యుల కాలేయమునకు వర్తింపజేసిరి.

రంగునకు మారుగా ఆల్కహాలును వాడవచ్చును. దానిని విచ్ఛిన్నము చేయు పని చాలవరకు కాలేయమునదే. శ్వాస, మూత్రముల ద్వారా పోవునది స్వల్పము. పలుచని ఆల్కహాలును జంతువు సిరలోనికి సమవేగమున ఎక్కింతురు. నోట త్రాగించినచో జీర్ణకోశము నుండి వచ్చు రక్తమున అది హెచ్చుగా ఉండి లెక్క తారుమారగును. కొంతసేపటికి ధమనీరక్తమున ఆల్కహాలు హెచ్చుతగ్గులు లేక నిలుచును. అనగా ఎక్కించినంతయు కాలేయము హరించుచున్నదన్నమాట. అప్పుడు మెడలోని సిర ద్వారా సన్నని గొట్టమును కాలేయసిర వరకు పంపి, వెలువడు రక్తమును తీసి పరీక్షింతురు.

ఒక కుక్కకు నిమిషమునకు 20 మిల్లీగ్రాములు ఎక్కించిరనుకొనుడు. 100 మిల్లీలీటర్ల ధమనీరక్తమున 12 మిల్లీగ్రాములు, కాలేయసిర రక్తమున 7 ఉన్నచో భేదము 5. కావున నిమిషమునకు పారు రక్తము 400 మిల్లీలీటర్లు.

అయితే ఆల్కహాలు మితముగా ఉండవలెను. సంతలో హమాలీలు నలుగురే యున్నచో, బండికి 200 బస్తాలున్నను వారు దింపగలిగినంతయే దింపుదురు. కాలేయమందలి ఎంజైముల గతియు అట్టిదే. లోనికి వచ్చు రక్తమున 200, వెలువడు రక్తమున 195 ఉండును. పరీక్షలో ఆ 195 పొరబాటున 197గా తేలినదా, 400 కావలసిన ప్రవాహము సుమారు 667 అగును!